ఎడమ రెక్కకు బట్ట కుట్టిన రోజులు

ఆయన మా దుకాణంలోకి వచ్చి, బల్ల మీద అరచేయంత గుడ్డముక్క ఒకటి పెట్టి, ఇదేం బట్టో చెప్పమన్నాడు. మస్కట్‌కు దూరంగా సముద్రం ఒడ్డున ఉన్న ఖబూరా బజారులో నేను దర్జీ పని మొదలుపెట్టి అప్పటికి పంతొమ్మిదేళ్లు. ఇక్కడి మగవాళ్లు వేసుకునే దిష్‌దాషాలు, అంటే మెడ నుంచి మడమల దాకా వచ్చే తెల్లటి పొడుగు అంగీలు, నా చేతి మీదుగా వేలల్లో పోయి ఉంటాయి. అలాంటి నన్ను గుడ్డ పేరు చెప్పమంటే కొంచెం మండింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో చిన్నా పెద్దా అందరూ అనే మాటే.

ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చాను. నూలయితే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలుతుంది. ఇది ముడుచుకుపోయి నల్లటి పూసలా గట్టిపడింది.

"పాలిస్టరు. కానీ ఒంటికి వేసుకునేది కాదు. దీనికి మూడు నాలుగు పూతల రంగు పట్టించారు. చాలా ఏళ్లు ఎండలో ఉంది," అన్నాను. గోటితో గీరితే రంగు పొడిగా రాలింది. రెండు వేళ్లతో లాగితే ముక్క పర్రుమని చిరిగిపోయింది. "గుడారందా?"

"విమానంది," అన్నాడు.

ఆయనకు డెబ్బై దాటి ఉంటాయి. ఊరి బయట ఖర్జూరం తోట ఉన్న ఆసామి, మా దుకాణానికి పాత గిరాకీ. వయసులో ఉన్నప్పుడు పైలట్‌గా ఉద్యోగం చేశాడని విన్నాను. బొంబాయిలో చదువుకున్నాడు కాబట్టి హిందీ నాకంటే శుభ్రంగా మాట్లాడతాడు. మా మాటలన్నీ హిందీలోనే నడిచేవి, వాటినే ఇక్కడ తెలుగులో చెబుతున్నాను. నేనాయన్ని చాచా అనేవాణ్ణి, ఆయన నన్ను మాస్టర్ అనేవాడు.

"విమానానికి బట్టేంటి చాచా, పొద్దున్నే నేనే దొరికానా మీకు," అన్నాను. ఆయన నవ్వి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు ఇక్కడ దుకాణాలన్నీ కట్టేస్తారు, మళ్లీ తీసేది నాలుగింటికి. కట్టేసే వేళకు ఆయన పికప్ తెచ్చి గుమ్మం ముందు ఆపాడు. మా దుకాణం అర్బాబ్‌కు, అంటే యజమానికి, ఆయన దగ్గరి చుట్టమే, కాబట్టి ఎక్కడికని అడిగేవాళ్లెవరూ లేరు. ఎక్కి కూర్చున్నాను.

తోటలు దాటి కొండల వైపు పోతే రాళ్ల మైదానం వస్తుంది. ఎప్పుడో రోడ్డు పనివాళ్లు చదును చేసి వదిలేసిన జాగాకు అనుమతి తెచ్చుకుని ఆయన తన రన్‌వే చేసుకున్నాడు. చివర్లో ఒక రేకుల షెడ్డు. ఒక పక్క గోడే లేదు. లోపల విమానం ఉంది. రెండే సీట్లు, ముందు ఒక పంకా, నాకంటే వయసులో పెద్దది. ఎడమ రెక్క మాత్రం దానికి లేదు. దాన్ని ఊడదీసి తలుపులాగా నిలబెట్టి, రెండు స్టాండ్లకు బిగించారు. గోడ లేని వైపు ఏళ్ల తరబడి ఎండ తిన్నది ఆ రెక్కే. కుడి రెక్క నీడన ఉండి బతికిపోయింది.

ఎడమ రెక్క మీది పాత గుడ్డ సగం ఒలిచి ఉంది. దగ్గరికి పోయి లోపలికి తల పెట్టి చూశాను. ఏముంది, సన్నటి కర్రలు. పొడుగ్గా రెండు దూలాలు, వాటికి అడ్డంగా జానెడు జానెడున్నర దూరంలో వంపు తిరిగిన పలచటి చట్రాలు. మిగతాదంతా ఖాళీ. మా ఊళ్లో పిల్లలు ఎగరేసే పతంగి ఇంతకంటే వేరేగా ఏమీ ఉండదు. సెలవు మీద ఇంటికి పోతూ వస్తూ నేను ఇరవైసార్లకు పైగా విమానమెక్కాను. ఎక్కగానే బెల్టు పెట్టుకుని నిద్రపోవడమే తప్ప రెక్కలో ఏముంటుందని ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఇక నా నోరు ఆగలేదు. వాన పడితే? పక్షి ముక్కుతో పొడిస్తే? రేకు ఎందుకు వెయ్యలేదు? గుడ్డ చిరిగితే ఏమవుతుంది? ఆయన ఒక్కోదానికి ఓపిగ్గా జవాబు చెప్పాడు. వాన నీళ్లు పోవడానికి కింది వైపు చిన్న చిన్న కన్నాలుంటాయట. రేకయితే బరువట. గాలిని పట్టి మనిషిని పైకి లేపేది ఆ గుడ్డేనట. అది బిగువుగా ఉన్నంతసేపు రెక్క రెక్కలా ఉంటుంది, వదులైతే గాలి దాని ఆకారం మార్చేస్తుంది. నేను కుట్టే గుడ్డ మనిషి ఒంటిని దాస్తుంది, ఇది మనిషిని మోస్తుందన్నమాట. నాకు భలే వింతగా అనిపించింది.

"అంతా బానే ఉంది, నన్నెందుకు తెచ్చారు?" అన్నాను చివరికి.

అప్పుడు సంగతి చెప్పాడు. విమానానికి లైసెన్సు ఉన్న ఇంజనీరు ఒకాయన ఉన్నాడు, కరాచీ మనిషి, మస్కట్ నుంచి శుక్రవారం శుక్రవారం వచ్చి పని చూసి సంతకం పెడతాడు. ఇంజను ఆయనకు కొట్టిన పిండి. గుడ్డ పని చేసే మనిషి మాత్రం సొంత దేశం వెళ్లిపోయాడు, ఇంజనీరుకేమో వేళ్లు వణుకుతున్నాయి. ఎడమ రెక్క పనికిరాదని తనిఖీలో రాసేశారు. బండి నేల మీద కూర్చుని రెండేళ్లయింది. చాచా తన దిష్‌దాషా మెడ పట్టీ తిప్పి నా చేతికుట్టు చూపించాడు. "ఇలా కుట్టేవాడు రెక్క కుట్టగలడు," అన్నాడు.

"తొందరేమైనా ఉందా?"

"ఉంది." పైలట్‌కు డాక్టరు కాగితం ఉండాలట. ఆయన కళ్లకు జబ్బు వచ్చింది. ఇదే ఆఖరుసారి, మళ్లీ రావద్దని చెప్పి డాక్టరు సంతకం పెట్టాడు. ఆ కాగితం మార్చి నెలాఖరు దాకానే చెల్లుతుంది. అప్పటికి ఏడు వారాలు మిగిలాయి. "ఆ తర్వాత ఇంకొకడు నడపాలి, నేను పక్కన సామానులా కూర్చోవాలి. ఒక్కసారి మాస్టర్. ఒక్కణ్ణే సముద్రం దాకా పోయి తిరిగి రావాలి. ఇంకేం అడగను దీన్ని."

ఆ సాయంత్రం ఫోన్లో మా ఆవిడకు చెప్పాను. మాది ఉత్తర తెలంగాణలో బట్టలు నేసే ఊరు. అక్కడ విమానాన్ని గాలిమోటరు అంటారు.

"గాలిమోటరుకు అంగీ కుడుతున్నవా? పొద్దుగాల ఏం తిన్నవు నువ్వు?" అంది.

"నిజమే. రెక్కకు బట్ట తొడిగి, తొడిగినంక కుట్టాలె."

"ఒంటి మీద ఉండంగ బట్ట కుట్టొద్దని మీ అమ్మ మొత్తుకునేది. ఇడిపిచ్చి కుట్టరాదు?"

"ఇడిస్తే వస్తదా? అంటుపెడ్తరు దాన్ని."

"సరే తియ్యి. సూది గుచ్చినప్పుడు అది లేచి ఎగురకుండ తోక పట్టుకో," అని నవ్వింది. నవ్వింది గానీ, ఆ తర్వాత ఏ రోజూ విమానం సంగతి అడగకుండా ఫోను పెట్టలేదు. నాకున్న ఆరాటమే తనకూ పట్టుకుంది.

కొత్త గుడ్డ అప్పటికే విదేశం నుంచి వచ్చి ఉంది. దానికోసం నెల రోజులు ఎదురుచూశారట. తెల్లగా, పలచగా, చూడ్డానికి అస్తరు గుడ్డలా ఉంది. నేను టేపు, సుద్ద, కత్తెర తీసుకుపోయి, అలవాటు కొద్దీ కొలతకు రెండు అంగుళాలు లూజు వదలబోయాను. ఇంజనీరు నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన ఉర్దూ మాట్లాడుతుంటే తిట్టినా మర్యాదగానే వినిపిస్తుంది. "ఇది ఊపిరి పీల్చదు మాస్టర్‌జీ, కూర్చోదు, బిర్యానీ తినదు. దీనికి లూజెందుకు?" అన్నాడు.

అంచులు చట్రానికి జిగురుతో అతికించాం. తర్వాత ఇస్త్రీ. ఈ గుడ్డ వేడికి ముడుచుకుంటుంది, అలా ముడుచుకునే బిగుస్తుంది. ఇంజనీరు ఇస్త్రీ పెట్టె అడుగున థర్మామీటరు పెట్టి, తిప్పే బిళ్ల మీద ఎర్ర రంగుతో మూడు గీతలు గీశాడు. మొదటి రోజు మొదటి గీత దాకా, రెండో రోజు రెండో గీత, ఆఖరున మూడోది. "మూడో గీత దాటావో, గుడ్డ చచ్చిపోతుంది. చచ్చింది మళ్లీ బిగవదు," అన్నాడు. నేను తలూపాను. మా ఊళ్లో ఉన్నప్పటి నుంచీ లెక్కేస్తే పాతికేళ్లుగా ఇస్త్రీ పెట్టె పట్టినవాడికి గీతలు గీసి ఇవ్వడం నాకు లోపల నచ్చలేదు.

కానీ పని మొదలుపెట్టాక ఆ ఉక్రోషం మరిచిపోయాను. పెట్టె పోనిస్తుంటే నా కళ్ల ముందే ముడతలు లోపలికి ఇంకిపోయాయి. వదులుగా వేలాడుతున్న గుడ్డ చట్రాన్ని పట్టేసింది. వేలితో కొడితే డప్పులా మోగింది. చాచా, నేను పిల్లల్లాగా ఒకచోట కొట్టి, ఇంకోచోట కొట్టి చూసుకున్నాం.

మూడో గీత వేడి పెట్టిన రోజు మంగళవారం. రెక్క కింది వైపు, వెనక అంచు దగ్గర, మూరెడు పొడవున ఒక ముడత మిగిలింది. రెండుసార్లు పెట్టె పోనిచ్చినా పోలేదు. చాచా బయట పికప్‌లో నీళ్ల డబ్బాలు దించుతున్నాడు. శుక్రవారం ఇంజనీరు వచ్చి దాన్నే ముందు చూస్తాడు. ముడత ఉంచి బట్ట ఇచ్చిన చరిత్ర నాకు లేదు. మొండి ముడతకు ఏ దర్జీ అయినా ఏం చేస్తాడు? వేడి పెంచుతాడు. నేను బిళ్ల తిప్పాను. ఎర్ర గీత దాటి ఒక వెంట్రుకవాసి, అంతే అనుకున్నాను. అటూ ఇటూ నాలుగు చట్రాల మేర పెట్టె లాగాను. ముడత పోయింది. చూశావా, గీతలు గీసిచ్చాడు నాకు, అనుకున్నాను కూడా. శుక్రవారం ఇంజనీరు ముడతలు లేవని చూసి, కుట్టు మొదలుపెట్టమన్నాడు.

తర్వాత కుట్టు, గాలి లాగినా గుడ్డ చట్రాలను వదలకుండా. జానెడు పొడుగు సూది, మైనం పట్టించిన దారం. రెక్క నిలబెట్టి ఉంది కాబట్టి ఒక పక్క నేను, అవతలి పక్క చాచా. నేను చట్రం పక్క నుంచి సూది పొడిస్తే అవతల ఆయన అందుకుని, చట్రానికి ఇంకో పక్క నుంచి తిరిగి పంపాలి. నేను ముడి వేసి, రెండున్నర అంగుళాలు కొలిచి, మళ్లీ పొడవాలి. మూడు వారాలు రోజూ మధ్యాహ్నం ఇదే పని. మనిషి కనిపించడు, సూది మాత్రం వస్తుంది. కనిపించని మనిషితో మాట్లాడటం ఎంత సుఖమో నాకు అప్పుడే తెలిసింది. ఆయన మొదటిసారి ఒంటరిగా ఎగిరిన రోజు, పక్క సీటు ఖాళీగా ఉండటం చూసి భయంతో గట్టిగా పాట పాడుకున్నాడట. "ఆ భయం పోయింది గానీ, ఆ ఖాళీ సీటంటే ఇష్టం మిగిలింది," అన్నాడు గుడ్డ వెనక నుంచి. నేను మా నాన్న మగ్గం సంగతి చెప్పాను. చప్పుడుకు ఆయన చెవులు పోయాయని, చివరి రోజుల్లో బట్టను వేళ్లతో తడిమి తప్పులు పట్టేవాడని చెప్పాను.

నెలాఖరుకు పదకొండు రోజులున్నాయనగా ఆ నాలుగు చట్రాల దగ్గరికి వచ్చాం. నేను ముడి లాగితే గుడ్డ కూడా దారంతో పాటు వచ్చింది. ఆగి, వేలితో నొక్కాను. లోపలికి పోయింది. కొట్టాను. మోగలేదు.

"ఏమైంది మాస్టర్, సూది రాలేదు?" అన్నాడు అవతల నుంచి.

"దారం చిక్కు పడింది," అన్నాను.

ఆ రోజు, మర్నాడు నోరు మెదపలేదు. ఆయన లేనప్పుడు మూడో గీత మీదే పెట్టి మళ్లీ ఇస్త్రీ చేశాను. గుడ్డ కదల్లేదు, ఉలకలేదు. పైన రంగు పూత పడితే బిగుస్తుందేమోనని నాకు నేనే చెప్పుకున్నాను. దుకాణంలో ఒకరి చేతి కొలత ఇంకొకరికి వేసి, కోపం పక్కవాళ్ల మీద చూపించాను. మా ఆవిడ ఫోన్లో గాలిమోటరు ఎంతవరకొచ్చిందని అడిగితే కసిరాను. "నీ గొంతు మంచిగ లేదు. ఏం పాడు చేసినవు?" అంది. నేను చెప్పకముందే దానికి ఎలా తెలుస్తుందో నాకిప్పటికీ అర్థం కాదు. చెప్పాను. "ఆ పెద్దమనిషి అండ్ల కూసుంటడు కద," అని మాత్రం అంది.

గురువారం మధ్యాహ్నం షెడ్డులోకి పోగానే చెప్పేశాను. గీత దాటానని, ఎప్పుడు దాటానో, ఎందుకు దాటానో, రెండు రోజులు దాచానని కూడా చెప్పాను. ఆయన వచ్చి వంగి, ఆ నాలుగు చట్రాల మీద ఒక్కొక్కచోట వేలితో కొట్టాడు. మంచిచోట ఒకసారి, చెడినచోట ఒకసారి. చాలాసేపు కొట్టాడు. తిడితే బాగుండునని చూశాను. తిట్టలేదు.

"మిగిలిన గుడ్డ సరిపోతుందా?" అన్నాడు.

"కింది వైపు మొత్తం మార్చాలి. మిగిలింది పావు వంతుకు కూడా రాదు."

మళ్లీ తెప్పించాలంటే నెల. ఆ లెక్క ఇద్దరికీ తెలుసు. ఆయన నా పక్కకు వచ్చి, గొంతు తగ్గించి మాట్లాడాడు. షెడ్డులో ఇంకెవరూ లేరు, అయినా తగ్గించాడు.

"ఇది కింది వైపు. ఇంజనీరు సంగతి నేను చూసుకుంటాను. ఇన్నేళ్లు గుడ్డతో బతికినవాడివి, నువ్వు చెప్పు. పూత పడితే సర్దుకుంటుందా?"

ఆ మాటకు జవాబు నా నాలుక మీదే ఉంది. భుజం పట్టేసిందని, చంక కింద ఉబ్బిందని వచ్చిన ఎన్ని వందల మందికి చెప్పలేదు నేను, ఒక్క ఉతుకు పడితే సర్దుకుంటుందని. వాళ్లకు కావలసింది ఆ మాటే. పండగ రేపనగా అంగీ చేతిలో పట్టుకుని నా నోటి వంక చూస్తారు, అది అనగానే మొహం వికసిస్తుంది, తీసుకుని వెళ్లిపోతారు. చాచా సరిగ్గా అలాగే నా నోటి వంక చూస్తున్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి.

"సర్దుకోదు చాచా."

"కొంచెమైనా?"

"కొంచెం కూడా సర్దుకోదు. నేనే చంపేశాను దాన్ని."

ఆయన బయటికి పోయి ఎండలో నిలబడ్డాడు. రన్‌వే చివరి దాకా చూస్తున్నట్టున్నాడు. నేను లోపలే ఉన్నాను, ఏం చెయ్యాలో తెలియక సూదిలోంచి దారం తీసి చుట్టుకుంటూ కూర్చున్నాను. లోపలికి వచ్చి, "ఖలాస్. కత్తిరించు," అన్నాడు. కత్తెర పెట్టాను. మూడు వారాలు ఇద్దరం కలిసి వేసిన ముడులు ఒక్కొక్కటే తెగాయి. బిగువుగా ఉన్నచోట గుడ్డ కత్తెర తాకగానే దానంతటదే చీలిపోయింది, చెడిన చోట మాత్రం మెత్తగా తెగింది. ఏడుపొచ్చింది నాకు. సిగ్గుపడకుండా ఏడ్చాను.

మర్నాడు ఇంజనీరు వచ్చాడు. ఇస్త్రీ పెట్టె చేతిలోకి తీసుకుని మూడో గీత నాకు చూపించి, ఒక గంటసేపు ఉర్దూలో కడిగేశాడు. ఎవరైనా ఒక మాటంటే పది అప్పజెప్పే నేను తలొంచుకుని విన్నాను. తర్వాత ఆయనే చాయ్ పోసిచ్చాడు.

గుడ్డ ఏప్రిల్ మూడో వారంలో వచ్చింది. డాక్టరు కాగితం అప్పటికే చెల్లకుండా పోయింది. ఇక నేను రానవసరం లేదంటారేమో అనుకున్నాను. కానీ చాచా ఒంటిగంటకు ఎప్పటిలాగే పికప్ తెచ్చాడు. మళ్లీ అతికించాం, ఇస్త్రీ చేశాం, నేనిటు, ఆయనటు నిలబడి కుట్టి, పైన రంగు పూతలు వేశాం. ఈసారి మాటలు తక్కువ. వెనక అంచున వేలెడంత ముడత ఒకటి ఉండిపోయింది. దాన్ని అలాగే వదిలేశాను. ఇంజనీరు దాని మీద వేలు పెట్టి, నా వంక చూసి, సంతకం పెట్టాడు.

ఎగిరిన రోజు శుక్రవారం పొద్దున. మస్కట్ నుంచి ఒక పైలట్ వచ్చాడు, ముప్పై ఏళ్లు ఉంటాయి, మర్యాదస్తుడు. ఎడమ సీట్లో అతను కూర్చున్నాడు. చాచా కుడి సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకుని, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకున్నాడు. విమానం రాళ్ల మీద గడగడలాడుతూ పోయి పైకి లేచింది. ఎడమ రెక్క కింది భాగమంతా నాకు కనిపించింది, ఒక్కో కుట్టు వరస లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా. నేను వేసిన ముడుల కింద నేల లేదని అప్పుడు తోచింది. సముద్రం వైపు తిరిగి చుక్కంత అయ్యేదాకా చూశాను. అంత సంతోషం, అంత భయం ఒకేసారి నాకెప్పుడూ పట్టలేదు. మా ఆవిడ వీడియో తీయమని చెప్పింది, అది కూడా మరిచిపోయాను.

ఇరవై నిమిషాల్లో తిరిగి వచ్చారు. చాచా నెమ్మదిగా దిగి, రెక్క కిందకు వచ్చి నిలబడ్డాడు.

"ఎలా ఉంది చాచా?"

"బాగుంది. బాగా నడుపుతాడు అబ్బాయి."

నేను ఆగలేకపోయాను. "నేనా గీత దాటకపోతే మీరొక్కరే పోయి వచ్చేవారు. నన్ను క్షమించండి," అన్నాను.

ఆయన రెక్క మీది దుమ్ము చేత్తో తుడిచాడు. "ఆ రోజు సర్దుకుంటుందని నువ్వు ఒక్క మాట అని ఉన్నా ఆ చెడిన రెక్కతోనే నేనొక్కణ్ణే పోయేవాణ్ణి, మాస్టర్. అది సర్దుకోదని నాకు తెలుసు. కొట్టి చూడగానే తెలిసింది," అన్నాడు.

అని, విమానం తాళంచెవి ఆ పైలట్ చేతిలో పెట్టి పికప్ వైపు నడిచాడు. నన్ను మెచ్చుకున్నాడో, నిష్ఠూరమాడాడో తెలియలేదు. దారి పొడుగునా పక్కనే కూర్చుని ఉన్నా, అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.